ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కు ఫోటోలు: క్విక్ షేర్‌ను ఎక్కడి వరకు నమ్మవచ్చు?

ఫోన్‌లోని ఫోటోలను ల్యాప్‌టాప్‌లోకి చేర్చడానికి ఇప్పుడు అరడజనుకు పైగా మార్గాలున్నాయి. వాటిలో ఏది మంచిదన్న ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది మొదట వేగం గురించే అడుగుతారు. నా దృష్టిలో వేగం ఆ తరువాతి మాట. ఫోటోను ఎంత స్పష్టంగా తీశామో అంతే స్పష్టంగా చేరిందా, తీసిన తేదీ దానితో పాటే వచ్చిందా, పంపినవాటిలో ఒక్కటీ తప్పిపోకుండా వచ్చాయా అన్నవి ముందుగా చూడవలసిన సంగతులు. విండోస్ ల్యాప్‌టాప్‌ల కోసం గూగుల్ ఉచితంగా ఇస్తున్న క్విక్ షేర్ ప్రోగ్రామును మా ఇంట్లో కొంతకాలంగా వాడుతున్నాను కనుక, ఈ మూడింటి ప్రకారం అది ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ దాన్ని పక్కన పెట్టి కేబుల్ అందుకోవాలో రాయదలచుకున్నాను.

బెంగళూరులో మారతహళ్లి, కె.ఆర్.పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగు కుటుంబాలకు ఈ పని తరచుగా తగులుతూనే ఉంటుంది. సెలవులకు అనంతపురం నుంచో మదనపల్లె నుంచో పెద్దవాళ్లు వస్తారు. వారి ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందన్న హెచ్చరిక ఎన్నాళ్ల నుంచో కనిపిస్తూ ఉంటుంది. మనవరాలి అన్నప్రాశన మొదలుకొని ఊళ్లో జాతర దాకా సమస్తమూ అందులోనే ఉంటాయి. మా అత్తయ్య గారు మొన్న వచ్చినప్పుడు ఫోన్ నా చేతికిస్తూ, “ఒక్కటి గూడా పోగూడదమ్మా, మీ మామ ఫోటోలన్నీ దీంట్లోనే ఉండాయి” అన్నారు. అటువంటి ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు, ఏ మార్గం తేలిక అన్నదాని కంటే ఏ మార్గం నమ్మకమైనది అన్నదే మనసులో ముందుంటుంది.

క్విక్ షేర్ సంగతికి వచ్చే ముందు, మన ఇళ్లలో బాగా అలవాటైన వాట్సాప్ మార్గం గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఫోటోలను తమకు తామే వాట్సాప్‌లో పంపుకొని, ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి దింపుకొనేవారు ఎందరో ఉన్నారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది. 12 మెగాపిక్సెల్ కెమెరాతో తీసి, నాలుగైదు మెగాబైట్లున్న ఫోటో అవతలికి చేరేసరికి కొన్ని వందల కిలోబైట్లకు తగ్గిపోతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక కొంత మేలే గాని, అది కూడా అసలు ఫైలుతో సమానం కాదు. అంతకంటే పెద్ద నష్టం తేదీ విషయంలో జరుగుతుంది. కెమెరా ప్రతి ఫోటో లోపల తీసిన తేదీ, సమయం, కెమెరా వివరాలు రాసిపెడుతుంది. దీన్నే ఎగ్జిఫ్ సమాచారం అంటారు. ఫోటోగా పంపినప్పుడు వాట్సాప్ దాన్ని తీసివేస్తుంది. అలా చేరినవి ల్యాప్‌టాప్‌లో తేదీల వరుసలో కుదురుగా నిలవవు. పదేళ్ల కిందటి పెళ్లి ఫోటోలు నిన్నటి ఫోటోల పక్కన వచ్చి కూర్చుంటాయి. తప్పనిసరిగా వాట్సాప్‌లోనే పంపవలసి వస్తే, ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా జత చేసి పంపాలి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది. నాలుగైదు ఫోటోలకు అది సరిపోతుంది గాని, నాలుగైదు వేల ఫోటోలకు అది పనికొచ్చే దారి కాదు.

ఇక క్విక్ షేర్. గూగుల్ 2020లో ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య ఫైళ్లు పంపుకోవడానికి నియర్‌బై షేర్ అన్న సౌకర్యాన్ని తెచ్చింది. 2023లో దాన్ని విండోస్ కంప్యూటర్లకూ విస్తరించింది. 2024 జనవరిలో శాంసంగ్ వారి క్విక్ షేర్‌తో దాన్ని కలిపి, రెండింటికీ క్విక్ షేర్ అన్న పేరే ఉంచింది. కనుక ఇంట్లో ఒకరిది శాంసంగ్, మరొకరిది రెడ్‌మీ, ఇంకొకరిది పిక్సెల్ అయినా ఒకే పద్ధతి సరిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇది ముందే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఆండ్రాయిడ్ అధికారిక వెబ్‌సైటు నుంచి దింపి ఎక్కించుకోవాలి. ల్యాప్‌టాప్‌లో విండోస్ 10 గాని అంతకు తరువాతిది గాని ఉండాలి, అది 64 బిట్‌ది కావాలి, బ్లూటూత్, వైఫై రెండూ పనిచేస్తూ ఉండాలి.

ఇది పనిచేసే తీరు తెలిస్తే దీని బలమూ, బలహీనతా రెండూ అర్థమవుతాయి. దగ్గరలో ఏ పరికరాలు ఉన్నాయో బ్లూటూత్ ద్వారా కనుక్కుంటుంది. పరిచయం కుదిరాక ఫైళ్లను మాత్రం వైఫై మీదుగా నేరుగా పంపుతుంది. ఫోటోలు ఇంటర్నెట్‌లోకి వెళ్లి తిరిగి రావు కాబట్టి మొబైల్ డేటా ఖర్చు కాదు, మధ్యలో ఏ సర్వర్‌లోనూ నిలవవు. ఫోను, ల్యాప్‌టాపు ఒకదానికొకటి 5 మీటర్ల లోపల ఉండాలని గూగుల్ చెబుతుంది. ఒకే గదిలో, ఒకే బల్ల మీద పెట్టుకుంటే ఇంకా నిలకడగా సాగుతుందని నా అనుభవం.

వాడకం ఇలా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాము తెరిచి, ఎవరి నుంచి తీసుకోవాలన్న చోట మీ పరికరాలు, పరిచయస్థులు, అందరూ అన్న ఎంపికల్లో ఒకటి ఎంచుకోవాలి. ఫోన్ గ్యాలరీలో ఒక ఫోటోను కాసేపు నొక్కి పట్టుకొని, మిగతావాటిపై వేలు జారుస్తూ ఎంపిక చేసుకొని, షేర్ గుర్తు నొక్కి, క్విక్ షేర్‌ను ఎంచుకుంటే కొద్ది క్షణాల్లో ల్యాప్‌టాప్ పేరు కనిపిస్తుంది. ఫోను, ల్యాప్‌టాపు రెండూ ఒకే గూగుల్ ఖాతాలో ఉంటే అనుమతి కూడా అడగకుండా ఫైళ్లు వచ్చేస్తాయి. అత్తయ్య గారి ఫోన్‌లా వేరొకరి ఖాతాలో ఉన్న ఫోన్ అయితే ల్యాప్‌టాప్‌లో అంగీకారం నొక్కాలి. అంతకు ముందు ఎంపికను ‘అందరూ’ అని మార్చుకోవాలి. పని పూర్తయ్యాక దాన్ని తిరిగి ‘మీ పరికరాలు’కు మార్చడం మరిచిపోకూడదు. అపార్ట్‌మెంట్లలో పక్కింటివారి ఫోన్లు కూడా గోడ అవతలే ఉంటాయి గనుక ఇది చిన్న విషయమేమీ కాదు. వచ్చినవన్నీ మామూలుగా డౌన్‌లోడ్స్ ఫోల్డరులో చేరతాయి. సెట్టింగుల్లో ఆ చోటును మార్చుకోవచ్చు, మార్చుకోవాలి కూడా. లేకపోతే మామగారి ఫోటోలు కరెంటు బిల్లుల పీడీఎఫ్‌ల మధ్య కలిసిపోతాయి.

నాణ్యత విషయంలో క్విక్ షేర్‌కు నేను పూర్తి మార్కులు ఇస్తాను. ఇది ఫోటోను కుదించదు. ఫోన్‌లో ఎన్ని మెగాబైట్లు ఉందో ల్యాప్‌టాప్‌లోనూ అన్నే ఉంటుంది. తీసిన తేదీ ఫోటో లోపలే ఉండి వస్తుంది. ఇక్కడ ఒక చిన్న గందరగోళానికి తావుంది. ల్యాప్‌టాప్‌లో ఫైలు పేరు పక్కన మామూలుగా కనిపించే తేదీ దింపుకొన్న రోజుది కావచ్చు. దాన్ని చూసి తేదీలన్నీ పోయాయని కంగారుపడేవారున్నారు. ఫోల్డరులో నిలువు వరుసల శీర్షికపై కుడి బటన్ నొక్కి ‘డేట్ టేకెన్’ అన్న వరుసను తెచ్చుకుంటే కెమెరా రాసిన అసలు తేదీ కనిపిస్తుంది. ఫైలు పేరు కూడా సాక్ష్యం చెబుతుంది: శాంసంగ్ ఫోన్లలో పేరు సంవత్సరం, నెల, రోజుతోనే మొదలవుతుంది, వాట్సాప్‌లో వచ్చినవాటికి ఐఎంజీ, తరువాత తేదీ, ఆ వెనుక డబ్ల్యూఏ అన్న అక్షరాలు ఉంటాయి. వాట్సాప్ ఫోటోల్లో లోపలి తేదీ లేకపోయినా, పేరులోని తేదీని బట్టి అవి ఎప్పుడు వచ్చాయో తెలుసుకోవచ్చు.

రోజూవారీ పనికి దీనికి మించినది నాకు కనిపించలేదు. పిల్లల స్కూలు కార్యక్రమంలో తీసిన పదిహేను ఇరవై ఫోటోలు, పాస్‌పోర్టు పనికి తీసిన పత్రాల ఫోటోలు, ఒక చిన్న వీడియో, ఇటువంటివి కేబుల్ వెతుక్కునే లోపే ల్యాప్‌టాప్‌లో ఉంటాయి.

కాని ఒక ఫోన్‌ను మొత్తంగా ఖాళీ చేయడం వేరే పని, ఆ పనికి క్విక్ షేర్ సరిపోదు. ఫోటోలను మనమే ఎంపిక చేసి పంపాలి గనుక, ఎక్కడి వరకు పంపామో గుర్తుంచుకోవలసిన బాధ్యత మనదే. ఇంతకు ముందు పంపినదాన్ని మళ్లీ పంపినా అది వద్దనదు. ఫోన్‌లో కెమెరా, వాట్సాప్, స్క్రీన్‌షాట్లు అని విడివిడిగా ఉన్నవన్నీ ఇక్కడ ఒకే కుప్పగా పడతాయి. మధ్యలో ల్యాప్‌టాప్ నిద్రలోకి వెళ్లినా, ఎవరో ఫోన్ పట్టుకొని బాల్కనీలోకి నడిచినా పంపకం ఆగిపోతుంది. ఆగినప్పుడు ఏవి చేరాయి, ఏవి చేరలేదు అన్నది మళ్లీ పోల్చి చూసుకోవాలి. పెద్ద అపార్ట్‌మెంట్లలో ప్రతి ఇంటికీ ఒక రూటర్ ఉండి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు కిక్కిరిసి ఉంటాయి కనుక వేగం కూడా ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండదు. కొన్ని వందలకు మించి పంపవలసి ఉంటే కేబుల్ పెట్టడమే క్షేమం.

కేబుల్ గురించి మాట్లాడితే మొట్టమొదట అడగవలసిన ప్రశ్న, అది డేటా కేబులేనా అన్నది. చౌకగా దొరికే కేబుళ్లలో కొన్నిటికి విద్యుత్తు తీగలు మాత్రమే ఉంటాయి, సమాచారం మోసే తీగలు ఉండవు. అవి ఫోన్‌ను ఛార్జ్ చేస్తాయి, ల్యాప్‌టాప్‌కు మాత్రం ఫోన్ కనిపించదు. లోపం ఫోన్‌లో ఉందేమోనని చాలామంది అనుకుంటారు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ ఉంటే అదే వాడాలి. లేకపోతే బెంగళూరులో అందరికీ తెలిసిన ఎస్పీ రోడ్డుకు వెళ్లవచ్చు. సిటీ మార్కెట్‌కు దగ్గరలోని ఆ సందుల్లో కేబుళ్లు, పెన్‌డ్రైవ్‌లు, ల్యాప్‌టాప్ విడిభాగాలు కుప్పలుగా దొరుకుతాయి. తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెప్పే దుకాణదారులూ కనిపిస్తారు. అక్కడ ‘కేబుల్’ అని ఊరుకోకుండా ‘డేటా కేబుల్’ అని అడిగి, మన ఫోన్‌కు తగిలించి ఫైళ్లు కనిపిస్తున్నాయో లేదో చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. మామూలు టైప్‌ సీ కేబుళ్లలో చాలావరకు యూఎస్‌బీ 2.0వే ఉంటాయి. వాటి గరిష్ఠ వేగం సెకనుకు 480 మెగాబిట్లు, అంటే లెక్క ప్రకారం 60 మెగాబైట్లు. వాస్తవంలో అంతకంటే బాగా తక్కువే అందుతుంది. యూఎస్‌బీ 3.0 గరిష్ఠం 5 గిగాబిట్లు గాని, ఫోను, కేబుల్, ల్యాప్‌టాప్ రంధ్రం మూడూ దానికి తగినవైతేనే ఆ ప్రయోజనం దక్కుతుంది.

కేబుల్ తగిలించగానే ఫోటోలు కనిపించవు, ఇది తెలియకపోవడం వల్లనే సగం మంది విసుగెత్తి మానేస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్ మొదట ఛార్జింగ్ మాత్రమే అన్న స్థితిలో ఉంటుంది. ఫోన్ లాక్ తీసి, పైనుంచి కిందికి లాగితే, యూఎస్‌బీ ద్వారా ఛార్జ్ అవుతోందన్న సందేశం ఉంటుంది. దాన్ని నొక్కి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోవాలి. అప్పుడు ల్యాప్‌టాప్‌లో ఫోన్ పేరు కనిపిస్తుంది. తెరిస్తే ఫోల్డరు ఖాళీగా ఉందంటే ఫోన్ లాక్ ఇంకా పడి ఉందనే చాలాసార్లు అర్థం. కెమెరా ఫోటోలు డీసీఐఎం అన్న ఫోల్డరులో, కెమెరా అన్న ఉపఫోల్డరులో ఉంటాయి. వాట్సాప్ ఫోటోలు మాత్రం అక్కడ ఉండవు. ఆండ్రాయిడ్, మీడియా, కామ్ డాట్ వాట్సాప్ అన్న ఫోల్డర్ల లోలోపలికి వెళితే వాట్సాప్ ఇమేజెస్ కనిపిస్తుంది. పెద్దవాళ్ల ఫోన్లలో అపురూపమైనవి తరచుగా ఈ చివరి ఫోల్డరులోనే ఉంటాయి, ఎందుకంటే అవి బంధువులు పంపినవి. డీసీఐఎం ఒక్కటే కాపీ చేసి పని అయిపోయిందనుకుంటే వాటిని పోగొట్టుకున్నట్టే.

ఒకప్పుడు ఫోన్ మెమరీ కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ లాగే తెరుచుకునేది. ఆండ్రాయిడ్ 3.0 నుంచి ఎంటీపీ అన్న పద్ధతి వచ్చింది. దీనిలో కంప్యూటర్ ఫోన్ మెమరీని నేరుగా చదవదు, ఒక్కొక్క ఫైలునూ ఫోన్‌ను అడిగి తీసుకుంటుంది. అందువల్ల కంప్యూటర్‌కు తగిలించి ఉన్నప్పుడు కూడా ఫోన్ మామూలుగా పనిచేస్తుంది గాని, ఒకే ఫోల్డరులో వేల ఫోటోలు ఉన్నప్పుడు జాబితా కనిపించడానికే చాలాసేపు పడుతుంది, ఒక్కొక్కసారి మధ్యలో ఆగిపోతుంది కూడా. తేదీల వారీగా కొన్ని వందల చొప్పున ఎంచుకొని, ‘కట్’ కాకుండా ‘కాపీ’ చేసుకుంటూ పోతే, ఆగినా నష్టం ఉండదు. ‘కట్’ చేస్తున్నప్పుడు కేబుల్ కదిలితే ఫైలు అటూ ఇటూ కాకుండా పోయే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ ఛార్జర్‌కు తగిలించి, నిద్రలోకి వెళ్లే సమయాన్ని ఆ పూటకు ఆపివేయడం కూడా మంచిది.

ఆపిల్ ఫోన్ ఉన్నవారికి ఈ సమీక్షలో ఉపయోగపడేది కొంతే. మ్యాక్ ల్యాప్‌టాప్ ఉంటే, ఇదే పని చేసే ఆపిల్ వారి ఎయిర్‌డ్రాప్ ఉండనే ఉంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే కేబుల్ తగిలించే ముందు సెట్టింగుల్లో ఫోటోస్ విభాగానికి వెళ్లి, ‘ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ’ అన్నచోట ‘కీప్ ఒరిజినల్స్’ ఎంచుకోవాలి. ‘ఆటోమేటిక్’ అని ఉంటే ఫోన్ హైక్ (హెచ్‌ఈఐసీ) అన్న ఫార్మాట్‌లో దాచిన ప్రతి ఫోటోను అప్పటికప్పుడు జేపెగ్‌గా మార్చి ఇవ్వబోతుంది, ఆ మార్పు మధ్యలోనే కాపీ తెగిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. 2017లో ఐఓఎస్ 11తో వచ్చిన ఈ హైక్ ఫార్మాట్ ఫోటోలు విండోస్‌లో తెరుచుకోవడానికి మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి అదనపు భాగాలు ఎక్కించుకోవలసి రావచ్చు, అయినా అసలు ఫైలు మన చేతిలో ఉండటమే ముఖ్యం.

క్విక్ షేర్ అయినా, కేబుల్ అయినా ఫోన్‌లో ఉన్నదాన్నే పంపగలదు. గూగుల్ ఫోటోస్‌లో ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కిన ఫోన్లలో ఫోటోలు ఆ యాప్‌లో కనిపిస్తూనే ఉంటాయి గాని, అసలు ఫైళ్లు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్‌లోని గూగుల్ ఖాతాలో మాత్రమే ఉంటాయి. డీసీఐఎం ఫోల్డరులో వెతికితే దొరకవు. ఆపిల్ ఫోన్లలో ‘ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్’ ఉన్నప్పుడూ ఇదే పరిస్థితి. అటువంటివాటిని ఆ ఖాతా నుంచే దింపుకోవాలి. గూగుల్‌కైతే టేకౌట్ అన్న సౌకర్యం ఉంది. గూగుల్ ఫోటోస్ ఉచిత పరిమితి 2021 జూన్ 1 నుంచి 15 జీబీకే పరిమితమైంది, అందులోనే జీమెయిల్, డ్రైవ్ కూడా కలిసి ఉన్నాయి. ఆ 15 జీబీ నిండాక కొత్త ఫోటోలు క్లౌడ్‌కు ఎక్కవు. ఫోన్ పోతే అంతా క్లౌడ్‌లో ఉందిలే అన్న ధీమాతో ఉన్న ఎందరి ఫోన్లలోనో, ఎక్కించడం ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది.

బెంగళూరు వాసులకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఆఫీసు ల్యాప్‌టాప్ సంగతి. ఐటీ ఉద్యోగుల ఇళ్లలో తరచుగా ఉండే ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చినదే. వాటిలో యూఎస్‌బీ ద్వారా ఫైళ్లు తీసుకోవడాన్ని, సొంతంగా ప్రోగ్రాములు ఎక్కించడాన్ని చాలా కంపెనీలు అడ్డుకుంటాయి. కేబుల్ పనిచేయలేదంటే కారణం అదే అయి ఉండవచ్చు. అడ్డు లేకపోయినా అక్కడ ఇంటి ఫోటోలు పెట్టుకోవడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు. ఉద్యోగం మారిన రోజున ఆ ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేయాలి. కొన్ని చోట్ల చివరి రోజు సాయంత్రానికే లాగిన్ ఆగిపోతుంది. సొంత ల్యాప్‌టాప్ లేనివారు ఒకవైపు టైప్‌ సీ, మరోవైపు మామూలు యూఎస్‌బీ ఉన్న రెండు మూతుల పెన్‌డ్రైవ్ కొనుక్కొని, ఫోన్ నుంచి నేరుగా అందులోకి కాపీ చేసుకోవడం మేలు. దాన్ని ఎగ్జ్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసుకోవాలి. పాత పద్ధతి అయిన ఫ్యాట్ 32లో 4 జీబీ కంటే పెద్ద ఫైలు పట్టదు గనుక, పెళ్లి వీడియో దగ్గరకు వచ్చేసరికి కాపీ ఆగిపోతుంది.

మొబైల్ దుకాణంలో ఇచ్చి మార్పించుకోవడం గురించి కూడా అడుగుతుంటారు. ఫోన్ లాక్ తీసి అపరిచితుల చేతికి ఇవ్వడమంటే ఫోటోలతో పాటు బ్యాంకు సందేశాలు, ఆధార్ కాపీలు, కుటుంబ సంభాషణలు కూడా ఇచ్చినట్టే. తెర పగిలిపోయి వేరే దారి లేనప్పుడు తప్ప ఆ పని చేయవద్దనే చెబుతాను. చేసినా పని అయ్యేంతవరకు పక్కనే కూర్చోవాలి.

కాపీ పూర్తయ్యాక ఫోన్‌లోవి తొలగించే ముందు చేయవలసిన పరిశీలనకు కాఫీ తాగేంత సమయం చాలు, దాన్ని మాత్రం వదలకూడదు. ఫోన్ ఫోల్డరులో ఎన్ని ఫైళ్లు ఉన్నాయో, ల్యాప్‌టాప్ ఫోల్డరులో ఎన్ని ఉన్నాయో పోల్చాలి. ఫైళ్ల మొత్తం పరిమాణం కూడా చూడాలి. మొదటిది, చివరిది, మధ్యలో కొన్ని ఫోటోలు తెరిచి చూడాలి. వీడియోలైతే చివరి క్షణాల వరకు జరిపి చూడాలి, ఎందుకంటే సగంలో తెగిన వీడియో మొదట్లో బాగానే ఆడుతుంది. ల్యాప్‌టాప్‌లో చేరినంత మాత్రాన భద్రమైనట్టు కాదు గనుక, బయటి హార్డ్‌డిస్క్‌లో ఇంకొక కాపీ పెట్టిన తరువాతే ఫోన్‌ను ఖాళీ చేయాలి. తొలగించేటప్పుడు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది: గూగుల్ ఫోటోస్ యాప్‌లో మామూలు డిలీట్ నొక్కితే ఫోన్‌లోనిదే కాక క్లౌడ్‌లోని కాపీ కూడా పోతుంది. ఫోన్‌లో మాత్రమే ఖాళీ కావాలనుకుంటే అదే యాప్‌లోని ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడాలి. పొరపాటున డిలీట్ నొక్కినా, క్లౌడ్‌కు ఎక్కినవి చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయి. ఎక్కనివాటికి గడువు అందులో సగమే. ఆ లోగా తెరిచి ‘రీస్టోర్’ నొక్కితే తిరిగి వస్తాయి.